ఉద్యోగస్థుల పునఃపరీక్ష – మన కర్తవ్యము
(వరంగల్లు వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఏటేట ఈ సభయందు విద్యావిషయమై నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము కోరుట వాడుక. ఇంతవరకు బాలబాలికల చదువును గూర్చియే ప్రసంగించుచు వచ్చితిమి. ఈ యేడు నలువది, యేబది యేండ్ల ప్రాయమున మరల పుస్తకము చేతబట్టవలసివచ్చిన ఉపాధ్యాయులను గూర్చి విన్నవింపదలచితిమి. అట్టివారు మన యిండ్లలోనే పెక్కుమంది కలరు.

విషయ మిది. 2009 వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ననుసరించి, జాతీయ ఉపాధ్యాయ విద్యామండలివారు 2010 ఆగస్టు 23 వ తేదీన, ఎనిమిదవ తరగతివరకు బోధింపగోరువారు ఉపాధ్యాయ అర్హతపరీక్షయందు, అనగా టెట్టునందు, ఉత్తీర్ణులు కావలయునని నిర్ణయించిరి. అంతకు ముందే కొలువున జేరినవారు తమకు దీనితో పని లేదని నిశ్చింతగా నుండిరి. 2025 సెప్టెంబరు 1 వ తేదీన సుప్రీముకోర్టువారు, పదవీవిరమణకు అయిదేండ్లకు మించి గడువున్నవారు రెండేండ్లలో ఈ పరీక్ష గెలువవలయుననియు, లేనిచో ఉద్యోగము విడువవలసియుండుననియు తీర్పు చెప్పిరి. అయిదేండ్లలోపు సేవ మిగిలినవారు కొనసాగవచ్చును గాని, పదోన్నతి కోరినచో వారికిని పరీక్ష తప్పదు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల విషయము మాత్రము విస్తృత ధర్మాసనమునకు నివేదింపబడెను.

ప్రశ్నలు 150; కాలము 150 నిమిషములు. సామాన్యవర్గమువారికి 90 మార్కులు, మనబోటి వెనుకబడిన తరగతులవారికి 75, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, వికలాంగులకు 60 రావలయును.

ఇప్పుడు మా తప్పిద మొకటి సభాముఖమున ఒప్పుకొనుచున్నాము. మా తమ్ముని కూతురు ఉపాధ్యాయిని. తెల్లవారుజామున లేచి, వంట ముగించి, హనుమకొండనుండి పరకాల దారిలోని పల్లెబడికి బస్సుపై పోయి, ప్రొద్దుగ్రుంకునప్పటికి ఇల్లు చేరును. ఆమె టెట్టు వ్రాయగా 72 మార్కులు వచ్చినవి. ఆ నెలలోనే యొక పెండ్లిలో, నలుగురి నడుమ, మేము నవ్వుచు, “పంతులమ్మకే తప్పినదా?” అంటిమి. ఆమె తల వంచుకొని, “పెద్దనాయనా, పుస్తకము తెరచుటకు నాకు రాత్రి పదిగంటలు దాటవలెను. తెరచిన పావుగంటకే కన్నులు మూతపడును” అనెను. మాకు నోట మాట రాలేదు. మేమును పూర్వము కొలువు చేయుచు శాఖాపరీక్ష యొకటి తప్పి, మరల వ్రాసి గట్టెక్కినవారమే. ఆనాడు మా యింట నన్నము వేళకు వడ్డింపబడుచుండెను. ఈమెకు వడ్డించువా రెవరు?

మరునాడు ఆమె యింటికి పోయి, మార్కుల పట్టిక ముందుంచుకొని కూర్చుంటిమి. ఆంగ్లమునకు 30, శిశువికాసమునకు 30 మార్కులుండగా, పోయినవి చాలవరకు ఆ రెంటిలోనే. తాను నిత్యము బోధించు విషయమున లోపము లేదు. అయినను వచ్చినదానినే మరల చదువుచు, రానిదానిని చూడ భయపడుచుండెను. తప్పు సమాధానమునకు మార్కులు కోయరని యెరిగియు, సందేహముతో కొన్ని ప్రశ్నలు విడిచివేసెను. ఇప్పుడు దినమునకు గంటసేపు ఆ రెండు విషయములే చదువుచున్నది. ఆ గంట ఇంటిపని ఆమె భర్తయు కుమారుడును చేయుచున్నారు.

సంస్కృతపాఠశాలలో మేము అమరకోశమును నూరుమార్లు వల్లెవేసినవారము. దానిని ఆవృత్తి యనిరి. ఆవృత్తి యనగా తిరిగివచ్చుట. తిరిగివచ్చినవానిని మా గురువులు ఎన్నడును పరిహసింపలేదు. కొత్తవాడలో మగ్గముపై కూర్చున్న మన పెద్దలును పోగు తెగెనని నేత విడువలేదు. అతికి ముందుకు సాగిరి. పరీక్ష తప్పినవారికి మన మాపాటి మర్యాద యైన చూపవలదా?

ఇరువదేండ్లు పాఠము చెప్పినవానికి మరల పరీక్ష యేల యని కొంద రడుగుచున్నారు. ఆ బాధ న్యాయమైనదే. పల్లెబడి పిల్లవానికి మంచి గురువు కావలయుననుటయు న్యాయమే. వాదములు చేయువారు చేయుదురు గాక. గడువు మాత్రము ఆగదు. ఒక ఉపాధ్యాయుని జీతముపై నొక కుటుంబము, పిల్లల చదువు, ఇంటి అప్పు ఆధారపడియున్నవి.

కావున సంఘమువారికి మూడు మనవులు. మన భవనములో నొక గది ఉదయము, రాత్రి చదువరులకు తెరచియుంచుడు. పరీక్ష కంప్యూటరుపై జరుగును గనుక, పోషకులు రెండు మూడు యంత్రము లిచ్చినచో, చేయి తిరుగనివారు అభ్యసింపగలరు. మన వారిలో ఆంగ్లము చెప్పగలవారు ఆదివారము రెండుగంటలు దానమీయుడు. ఇంటివారికి వేరొక మనవి: పెండ్లి పేరంటములలో ఫలిత మడుగకుడు, ఇంట పని పంచుకొనుడు.

ఇతరులకు చెప్పి మేమూరకుండుట తగదు. వచ్చు ఆదివారము మొదలు ఉదయము ఏడుగంటలకు ఆ గదిలో మేము తెలుగుభాగపు 30 మార్కుల పాఠము ఉచితముగా చెప్పెదము. మొదటి వరుసలో మా తమ్ముని కూతురు కూర్చుండుటకు సమ్మతించినది. తక్కినవారు సంకోచము విడిచి రావలయునని ప్రార్థించుచు విరమించుచున్నాము.