గుడ్డకు గ్యాసు ఆగదు

(రైతు సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



ముందు నా తప్పు చెప్పుకుంటాను. చాలా ఏళ్ల కిందట మా కొట్టుగదిలో కంది బస్తాలకు పురుగు పట్టింది. గ్యాసు బిళ్లలు సంపాదించి, మూతికి తువ్వాలు చుట్టుకొని బస్తాల మధ్య పెట్టాను. పక్క గదిలో పిల్లలు పడుకున్నారు. తెల్లారేసరికి పెద్దవాడికి తలనొప్పి, వాంతులు. ఆసుపత్రికి పరుగెత్తి బతికించుకున్నాం. తువ్వాలు కట్టుకున్నాను కదా, ఏం కాదులే అన్న ధీమాయే కొంప ముంచబోయింది.

ఆ బిళ్ల పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. 3 గ్రాముల బిళ్ల నుంచి సుమారు 1 గ్రాము గ్యాసు వస్తుంది. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేపల వాసనో వస్తుందంటారు. వాసన లేదు కాబట్టి గ్యాసు లేదనుకుంటే మాత్రం మోసపోతాం.

ఇక మాస్కుల సంగతి. తువ్వాలు, ఆసుపత్రి మాస్కు, ఎన్-95 ఏవీ గ్యాసును ఆపవు. ఎన్-95 ఆపేది దుమ్మునే. ముఖమంతా కప్పి, ఫాస్ఫీన్‌కు పనికొస్తుందని రాసి ఉన్న డబ్బా బిగించిన మాస్కే కావాలి. డబ్బా గడువు తేదీ చూడాలి, సీలు చూడాలి. గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతకదు, సందులోంచి గ్యాసు లోపలికి వస్తుంది. ఆ మాస్కుకూ హద్దుంది. పది లక్షల పాళ్ల గాలిలో గ్యాసు 15 పాళ్లు దాటినా, ఎంత ఉందో తెలియకపోయినా, వీపున గాలి సిలిండరు ఉన్న పరికరంతోనే లోపలికి వెళ్లాలి. మాస్కు లేకుండా వెళ్లాలంటే 0.3 పాళ్లకు మించకూడదు. అది చెప్పేది మీటరే, మన ముక్కు కాదు.

ఇవన్నీ రైతు ఇంట్లో ఉంటాయా? ఉండవు. అందుకే ఈ మందును ప్రభుత్వ సంస్థలకూ, పురుగుల నివారణ సంస్థలకూ మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడేందుకే అమ్మాలని నిబంధన ఉంది. ఇంట్లోకి ఆ బిళ్ల రానివ్వకండి. గింజలు బాగా ఎండబెట్టండి, గాలి చొరని సంచుల్లో నిల్వ చేయండి.

గోదాముల్లో బస్తాలు మోసే మిత్రులారా, మందు పెట్టిన గోదాము తలుపు తీసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మాస్కులు ఎక్కడ? మీటరు ఎంత చూపింది? శిక్షణ పొందిన మనిషి ఎవరు? జవాబు వచ్చేదాకా లోపల అడుగు పెట్టకండి. కూలి కోస్తామని బెదిరిస్తే సంఘానికి కబురు పెట్టండి. మీ వెంట మేం నిలబడతాం.