మన ఒంటికి కాపలా



పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో కంపెనీలు చూస్తున్నాం కదా. చుట్టూ గోడ ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. మన ఒళ్లూ అంతే. చర్మమే గోడ. నెత్తురులోని తెల్లకణాలే వాచ్‌మన్లు.

దెబ్బ తగిలితే గోడకు సందు పడుతుంది. రోగక్రిములు లోపలికి జొరబడతాయి. తెల్లకణాలు వాటిని పట్టి మింగేస్తాయి. కొన్ని కణాలు ఆ క్రిమిని గుర్తు పెట్టుకుంటాయి. మళ్లీ వస్తే గేటులోనే పట్టేస్తాయి.

రోగం రాకముందే క్రిమిని గుర్తుపట్టేదెట్లా? టీకాతో! టీకాలో చచ్చిన క్రిమో, బలం తీసిన క్రిమో, దాని ముక్కో ఉంటుంది. వాచ్‌మన్‌కు దొంగ ఫోటో ముందే చూపించినట్టు.

సూది వేసిన రాత్రి బిడ్డకు ఒళ్లు కాలుతుంది. తెల్లారి డ్యూటీ పోతుంది, కూలి పోతుంది. “మల్ల ఏపియ్య” అనుకుంటాం. ఆ కష్టం నిజమే. కానీ ఆ జ్వరం కాపలావాళ్లు పని నేర్చుకుంటున్న గుర్తు. జ్వరం తగ్గకపోతే, ఫిట్స్ వస్తే దవాఖానకు పోవాలి.

ఒక్కసారి చూపిస్తే గుర్తు గట్టిపడదు. అందుకే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి ఐదు రోగాల సూది 6, 10, 14 వారాలకు మూడుసార్లు వేస్తారు.

టీకాలతోనే మశూచి పోయింది. చుక్కల మందుతోనే 2014 నాటికి మన దేశం పోలియో లేని దేశమైంది.

బిడ్డ టీకా కార్డు తీయండి. ఏ సూది బాకీ ఉందో చూడండి. ఇప్పుడు ఒకరిని అడగక్కరలేదు. మనకు చదువొచ్చు!