అతుకు పెట్టిన వీణ

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము పదవ తరగతితో చదువు చాలించి రైలు గుమాస్తా కొలువులో చేరినవాళ్ళం. సంగీతాన్ని గురించి మాట్లాడే అర్హత మాకు లేదు. అయితే పోయిన ఏడు మా ఇంట ఒక వీణ విరిగింది. దాన్ని బాగుచేయించటంలో తెలుసుకున్న నాలుగు సంగతులు మీ ముందు పెడతాం.

మాది బొబ్బిలి ప్రాంతం. అక్కడ గొల్లపల్లిలో వీణలు చేసే కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. ఒకే పనస దుంగను తొలిచి వీణ అంతా తీస్తారు. దానినే ఏకండి వీణ అంటారు. మా అక్కకు నాన్న కొనిపెట్టినది అటువంటిదే. అక్క కాలం చేసినది. మా అమ్మాయి నేర్చుకుంటానని అడిగితే ఆ వీణను తిరువళ్ళూరుకు తెచ్చుకున్నాం. రోజంతా పార్సెళ్ళ మధ్య బతికే మేమే దాన్ని పెట్టెలో సర్దినాం. కుండ చుట్టూ బొంత చుట్టినాం. దండి కింద గుడ్డలు పరచినాం. కొసన యాళి మెడ కింద మాత్రం ఏమీ పెట్టలేదు. ఇల్లు చేరి విప్పితే మెడ కిందికి వంగే చోట పగులు! తప్పు మాదే.

పగులు బిరడ బెజ్జం దాకా పాకింది. తీగ బిగిస్తే బిరడ నిలవదు, శ్రుతి జారిపోతుంది. ఊళ్ళోని ఒక వృద్ధ వడ్రంగికి చూపించినాం. ఆయన వేలితో పగులు వెంబడి రాసి, "అయ్యా, దెబ్బ తగిలింది నిన్న, విరిగేది మాత్రం చెక్కిననాడే రాసిపెట్టి ఉంది" అన్నాడు.

ఆ మాటకు అర్థం ఇది. కర్రలో పోగులు చెట్టు పెరిగిన దారిన నిలువుగా సాగుతవి. కట్టెను నిలువున గొడ్డలితో కొడితే ఒక్క దెబ్బకు చీలుతుంది, అడ్డంగా కొడితే పది దెబ్బలకూ తెగదు. తిన్నని దుంగలో వంగిన మెడను చెక్కితే, వంపు దగ్గర పోగులు వంపు వెంట రావు. మధ్యలోనే తెగి పైకి తేలుతవి. అక్కడ పొట్టి పోగులే మిగులుతవి. మెడ ఎంత లావున్నా బలమంతా ఆ పొట్టి పోగులదే. మన రైతులకు ఇది తెలియనిది కాదు. నాగలికి సహజంగా వంకర తిరిగిన తుమ్మకొమ్మనే వెతుకుతారు గాని, తిన్నని కర్రను చెక్కి వంపు తేరు. వంకర కొమ్మలో పోగు కూడా వంకరతోనే నడుస్తుంది.

మరి తల ఎందుకు వంగవలె? తీగ మేరువు మీదుగా వచ్చి కాస్త కిందికి దిగితేనే మేరువును అదిమి పడుతుంది, నాదం తేటగా పలుకుతుంది. ఇదే అవసరం గిటారుకూ ఉన్నది. దాని తలను సుమారు 13 మొదలు 17 డిగ్రీల వరకు వెనుకకు వాలుస్తారు. ఒకే చెక్కలో చెక్కిన గిటారు తలలు కిందపడితే సరిగా ఆ వంపు వద్దనే విరగటం లోకమంతటా ఎరిగినదే. అందుకని చాలామంది పనివాళ్ళు చెక్కను ఏటవాలుగా కోసి, కోసిన ముక్కను తిరగేసి మళ్ళీ అతుకుతారు. అప్పుడు మెడలో పోగు మెడ వెంట, తలలో పోగు తల వెంట సాగుతుంది. వాలు 14 డిగ్రీలైతే అతుకు పొడవు చెక్క మందానికి నాలుగు రెట్లు వస్తుంది. అదే అడ్డంగా కోసి మొనకు మొన అంటిస్తే, తెగిన పోగుల నోళ్ళు జిగురును తాగేస్తవి, అతుకు నిలవదు.

వడ్రంగి రెండు దారులు చెప్పినాడు. పగులులో వజ్రం పోసి బిగించటం ఒకటి. అది కొన్నాళ్ళు ఆగవచ్చును. పగులుకు వెనుకగా ఏటవాలుగా కోసి, పోగు సరిచూసుకుని కొత్త పనసచెక్క తల అతకటం రెండోది.

మా అమ్మ వినగానే, "మీ అక్క వీణను కోయిస్తావురా? ఏకండి అన్న పేరు పోదూ?" అన్నది. మేము మూడు రోజులు జవాబు చెప్పలేకపోయినాం.

అప్పుడు తంజావూరు వీణ గుర్తుకు వచ్చింది. 17వ శతాబ్దంలో, తెలుగు కవి అయిన రఘునాథ నాయకుని ఏలుబడిలో, ఇరవైనాలుగు మెట్ల వీణ నేటి రూపు దిద్దుకున్నదంటారు. ఆ తంజావూరులో ఏకండి వీణలతోపాటు కుండ, దండి, యాళి వేరువేరుగా చేసి అతికిన వీణలూ ఉన్నవి. వాటి మీద కచేరీలు సాగలేదా? మన తిరుత్తణి కొండమీద తొలి కృతి చెప్పిన ముత్తుస్వామి దీక్షితులవారి వీణకు యాళి ముఖం పైకి తిరిగి ఉంటుందని ప్రసిద్ధి. అంటే తల ఇలాగే ఉండవలెనన్న శాసనం లేదు. నాదం నిలవటమే ముఖ్యం.

అమ్మతో, "పేరు నిలిపి గోడకు తగిలిద్దామా, అతుకు పెట్టి అమ్మాయి ఒడిలో పెడదామా?" అని అడిగినాం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ పాత తలను పారేయకండి" అన్నది.

కోత కోసిననాడు మేము అక్కడ నిలవలేక వీధిలోకి వచ్చేసినాం. పాత యాళి తల ఇప్పుడు మా పూజగూటిలో ఉన్నది. వీణ మీద అతుకు సన్నని గీతలాగా కనబడుతుంది. దాన్ని రంగుతో కప్పించలేదు.

పెద్దలకు తెలిసినదే, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని ఆంధ్రలో చేరినవి. గీత మారినా ఇళ్ళలో మాట రెండు వైపులా నిలిచినది. బతుకుతెరువుకు వచ్చిన మనమూ ఇక్కడ అతుకు పడినవాళ్ళమే. అందులో సిగ్గుపడవలసినది లేదు. అయితే పైపైన అంటిస్తే చాలదు. పిల్లలకు ఇంట్లో తెలుగూ నేర్పవలె, వీధిలో తమిళమూ రానివ్వవలె. అతుకు ఎంత పొడవుగా ఉంటే అంత గట్టి.

ఇప్పుడు మా అమ్మాయి ఆ వీణ మీదనే ఒక గీతం వాయిస్తుంది. నేర్చుకుని ఏడాదే అయినది. ఎక్కడైనా స్వరం తప్పితే అతుకును నిందించకండి. ఇంకా సాధన చేయమని అమ్మాయికి చెప్పండి.