సైకిలు తొక్కే కాలికి తగిన జోడు



మన సరిహద్దు జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ మహారాష్ట్రలోని థానే జిల్లా భివండికి వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మన ఊళ్ళలో దాన్ని భీమండి అంటారు. అక్కడి పద్మానగర్‌లో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది. షిఫ్టు మారే వేళ సైకిలెక్కి కార్ఖానాకు పోయేవారి కాళ్ళకేసి చూడండి. చాలామందికి హవాయి చెప్పులే.

సాంచెల మీద పనిచేసేవారికి సాధారణంగా నేసిన మీటర్లను బట్టే కూలి. కాలికి దెబ్బ తగిలి ఇంట్లో కూర్చుంటే అన్ని రోజుల కూలి పోయినట్లే. మా బావ విషయంలో అదే జరిగింది. వానాకాలంలో తడిసిన పెడల్ మీద చెప్పు జారి, కాలు రోడ్డుకు రాసుకుని బొటనవేలి గోరు ఊడింది. పది రోజులు సాంచెల దగ్గరికి పోలేకపోయాడు. మంచి జోడు ఖరీదు దండగ అనుకున్న మనిషికి, పోయిన కూలి ఆ ఖరీదుకు ఎన్నో రెట్లయింది.

ఈ మధ్య పిల్లలు లావు టైర్ల మౌంటెన్ బైకులు అడుగుతున్నారు. సెలవు దొరికితే వజ్రేశ్వరి వేడినీటి గుండాల దాకా తొక్కిపోదామంటారు. ఆ సైకిళ్ళకు ప్రత్యేకమైన బూట్లు కూడా ఉన్నాయి. వాటిలో రెండు రకాలు. ఒకటి, అడుగు భాగాన ఇనుప బిళ్ళ బిగించుకుని పెడల్‌లోకి నొక్కి పట్టించేది. జపాన్‌కు చెందిన షిమానో కంపెనీ 1990లో ఈ పద్ధతిని కొండదారుల సైకిళ్ళకు తెచ్చింది. దానికి పెడళ్ళు కూడా వేరే కొనాలి. గుంతల రోడ్డు మీద, లారీల మధ్య అడుగడుగునా కాలు కింద పెట్టే మనకు అది అవసరం లేదు. రెండోది, మామూలు పెడల్ మీద పనికొచ్చే చదునైన అడుగున్న బూటు. మనం వెతకవలసింది దాని గుణాలనే. అవి మామూలు దుకాణంలోని బూటులో కూడా దొరుకుతాయి.

మొదటిది అడుగు గట్టితనం. బూటును రెండు చేతులా పట్టుకుని వంచండి. వేళ్ళ మొదలు దగ్గర కొంచెం వంగాలి. నడిమిన చపాతీలా మడత పడితే అది పనికిరాదు. పలుచని అడుగులోంచి పెడల్ ఒత్తిడి నేరుగా పాదానికి తగిలి, అరగంటలో తిమ్మిరి పట్టిస్తుంది.

రెండోది పట్టు. అడుగు రబ్బరుదై, గోటితో నొక్కితే కొంచెం లొంగాలి. గట్టి ప్లాస్టిక్ అడుగు చూడటానికి మెరుస్తుంది కాని, తడి పెడల్ మీద జారుతుంది.

మూడోది ముందు భాగం. వేళ్ళను కాపాడేటంత దళసరిగా ఉండాలి. బరువులెత్తే పనివారికి ఇనుప టోపీ ఉన్న ఐ.ఎస్.ఐ. గుర్తు సేఫ్టీ బూట్లున్నాయి. అవి మంచివే, కాని రోజూ సైకిలు తొక్కడానికి బరువెక్కువ.

నాలుగోది కొలత. పొద్దంతా నిలబడితే పాదాలు ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట కొనండి. మేజోళ్ళతో వేసుకుని నిలబడి చూడండి. పొడవైన వేలి ముందు అర బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ మాత్రం లేవకూడదు. రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు, పెద్ద పాదానికి సరిపోయిందే తీసుకోండి. మధుమేహం ఉన్నవారికి స్పర్శ తగ్గి, కరిచినా తెలియకపోవచ్చు. వారు కొత్త జోడును మొదటి రోజుల్లో కాసేపే వేసుకుని, విప్పాక పాదం అంతా చూసుకోవాలి.

ఐదోది లేసు. వేలాడే లేసు సైకిలు గొలుసులో పడితే మనిషి కింద పడతాడు. ముడి వేశాక కొసలను లోపలికి దోపండి. అంటుకునే పట్టీ ఉన్నవైతే ఆ భయం లేదు.

ఇక ఖరీదు. మూడు వందల జోడు మూడు నెలలు వచ్చిందనుకుందాం. నెలకు వంద పడింది. పన్నెండు వందల జోడు ఏడాదిన్నర వస్తే నెలకు అరవై ఏడు రూపాయలు కూడా పడలేదు. ఏది చవకో మీరే లెక్క వేయండి. అలాగని పేరు చూసి డబ్బు పెట్టవద్దు. ఫుట్‌పాత్ మీద పెద్ద కంపెనీ పేరుతో అమ్మే నకిలీకి పేరొక్కటే ఉంటుంది. పైభాగం, అడుగు కలిసేచోట బొటనవేలితో నొక్కండి. సందు తెరుచుకుంటే వదిలేయండి. అతికించిన అడుగైతే, కొన్నరోజే మోచీ దగ్గర అంచు చుట్టూ కుట్టు వేయించండి. ఆ కొద్ది డబ్బుతో జోడు ఆయుష్షు పెరుగుతుంది. డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడండి. కొన్ని రకాల మెత్తని పాలియురెథేన్ అడుగులు చెమ్మలో ఏళ్ళ తరబడి ఉంటే, వేసుకోకపోయినా పొడిపొడిగా రాలిపోతాయి.

బిల్లు అడిగి తీసుకోండి. దుకాణదారు మోసం చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

తడిసిన బూట్లలో పాత పత్రికలు కూరి, గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. పొయ్యి పక్కన పెడితే అతుకు ఊడుతుంది. సాంచెల నూనె కూడా రబ్బరును చెడగొడుతుంది. కనుక కార్ఖానాలోకి వేరే జోడు ఉంచుకోండి. అది పాతదైనా ఫర్వాలేదు కాని, అడుగు అరిగి నున్నబడింది మాత్రం వద్దు.

చివరగా ఒక మాట. దసరాకు, బతుకమ్మకు భీమండి నుంచి వచ్చే మనిషి ఇంటిల్లిపాదికీ బట్టలు తెస్తాడు. తన కాలికి మాత్రం పాత చెప్పులే ఉంటాయి. ఈసారి ఆయన తిరిగి బయలుదేరే ముందు ఒక కాగితం మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ కాగితం పట్టుకుని మన ఊరి దుకాణంలోనే ఒక మంచి జోడు కొని, ఆయనకు వేసి చూడండి. ఇల్లు నడిచేది ఆ కాళ్ళ మీదే కదా!