సేవ, సంస్కరణ, నిర్బంధం: స్టువర్టుపురం అడిగే ప్రశ్నలు



క్రైస్తవ సేవాసంస్థల గురించి రెండు రకాల మాటలు వింటూ ఉంటాం. బడులు, ఆసుపత్రులు పెట్టి ఉద్ధరించారని కొందరు, మతం మార్చడానికే వచ్చారని కొందరు. ఆ సేవ అందుకున్న స్త్రీలు ఈ రెండు మాటల్లోనూ కనపడరు. వాళ్ల వైపు నుంచి సాల్వేషన్ ఆర్మీ చరిత్రను చూద్దాం.

ఈ సంస్థ 1865లో లండన్ ఈస్ట్ ఎండ్ పేదపేటల్లో పుట్టింది. స్థాపకులు విలియం బూత్, కేథరిన్ బూత్ దంపతులు. స్త్రీలకూ మతబోధ చేసే హక్కుందని వాదిస్తూ కేథరిన్ 1859లోనే కరపత్రం రాశారు. సంస్థలో స్త్రీలు ఆఫీసర్లయ్యారు. 1934లో ఆమె కూతురు ఎవాంజెలిన్ జనరల్‌గా ఎన్నికయ్యారు. ఆ రోజుల్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలలో వాడే తెల్ల భాస్వరం వల్ల కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1891లో ఈ సంస్థ ఎర్ర భాస్వరంతో సొంత ఫ్యాక్టరీ పెట్టి, ఇతర యజమానులకన్నా ఎక్కువ కూలి ఇచ్చింది. ఇది చిన్న విషయం కాదు.

1882లో ఈ సంస్థ ఇండియాకు వచ్చింది. ఇక్కడ దాని సేవ వలస ప్రభుత్వ అవసరాలతో కలిసిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. 1911 సవరణతో అది మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. ఆ తర్వాత బాపట్ల దగ్గర ఎరుకలవారి కోసం స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్‌ది, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది.

ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి ఎరుక చెప్పేవారు, బుట్టలు అల్లి అమ్మేవారు. తిరగడమే వాళ్ల బతుకుతెరువు. సెటిల్మెంటులో ఆ తిరగడమే నేరమైంది. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో ఉంచే అధికారాన్ని చట్టమే ఇచ్చింది. సెటిల్మెంటువాసులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. దీన్నంతా సంస్కరణ అన్నారు. లండన్‌లో స్త్రీకి వేదిక ఇచ్చిన సంస్థే ఇక్కడ స్త్రీకి కాపలాదారయింది. సేవ చేసే చేతికి పోలీసు అధికారం అందితే జరిగేది ఇదే.

1952లో ఆ చట్టం రద్దయినా ముద్ర చెరిగిపోలేదు. 1991లోనూ, 2023లోనూ వచ్చిన సినిమాలు ఆ ఊరిని దొంగల కథలతోనే చూపించాయి.

ఇది పాత కథ అనుకోకండి. వ్యభిచార వ్యాపార నిరోధక చట్టం కింద వయసొచ్చిన స్త్రీలను కూడా రక్షణ గృహాల్లో నిర్బంధించవచ్చు. ఇష్టానికి వ్యతిరేకంగా ఉంచినవారి కేసులు సమీక్షించి, విడుదలకు చర్యలు తీసుకోవాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

ఇలాంటి గృహాన్ని ఏ మతసంస్థ నడిపినా, ప్రభుత్వం నడిపినా, మనలాంటి మహిళాసంఘమే నడిపినా మనం మూడు ప్రశ్నలు వేయాలి. ఆమె వెళ్లిపోతానంటే గేటు తీస్తారా? పిల్లలు ఎక్కడుండాలో నిర్ణయించేది ఆమేనా? ఆమె కష్టానికి వచ్చిన డబ్బు ఆమె చేతికే అందుతోందా? ఈ ప్రశ్నలు నిర్వాహకుల్ని అడిగితే చాలదు. సిబ్బంది ఎవరూ లేని గదిలో, అక్కడ ఉంటున్న స్త్రీలనే అడగాలి. అలా మాట్లాడనివ్వని చోటు గురించి మనం వెంటనే బయటికి చెప్పాలి.