నెల తప్పకముందే పడాల్సిన జాగ్రత్త

(గుణదలలో జరిగిన యువజన సమావేశంలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

పాటలు, నృత్యాల మధ్య మేము షుగర్ జబ్బు గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. అది ముసలివాళ్ల జబ్బు కదా అన్నారు. కాదు. ఎందుకో చెబుతాం.

మా హాస్టల్‌లో చదువుకుని వెళ్లిన ఒక అమ్మాయికి ఇంటర్ అవగానే పెళ్లయింది. ఐదో నెల స్కానింగ్‌లో బిడ్డకు వెన్ను సరిగా మూసుకోలేదని తేలింది. అప్పుడు చూస్తే తల్లికి షుగర్ చాలా ఎక్కువగా ఉంది. అంతకుముందు ఒక్కసారి కూడా ఎవరూ పరీక్ష చేయించలేదు. బిడ్డ దక్కలేదు. అత్తవారింట్లో అందరూ ఒకటే మాట: గ్రహణం రోజు కత్తిపీట పట్టుకుందని. ఆ పిల్ల మా దగ్గరికి వచ్చి అడిగింది: "మేడమ్, ఆ రోజు నేను నిజంగానే కూరగాయలు తరిగాను. నా వల్లేనా?"

కాదమ్మా అన్నాం. కానీ మరి ఎందుకు అంటే, ఆ రోజు మేము సరిగా చెప్పలేకపోయాం. ఈ ప్రసంగం ఆ పిల్లకు మేము బాకీపడ్డ జవాబు.

గర్భం నిలిచాక మెదడు, వెన్నుపాము ముందు ఒక సన్నని గొట్టంలా తయారవుతాయి. ఆ గొట్టం 28 రోజులకల్లా మూసుకుపోవాలి. అంటే నెల తప్పి పదిహేను రోజులయ్యేసరికి ఆ పని అయిపోతుంది. గుండె అప్పటికే కొట్టుకుంటూ ఉంటుంది. ఎనిమిది వారాలకు ముఖ్యమైన అవయవాలన్నిటికీ రూపం వచ్చేస్తుంది. మన ఇళ్లలో చాలామంది మూడో నెలలో గానీ ఏఎన్ఎమ్ దగ్గరికి వెళ్లరు. అప్పటికి పునాది వేయడం అయిపోయింది.

తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. ఆ తొలి వారాల్లో పిండానికి సొంతంగా ఇన్సులిన్ తయారుచేసుకునే శక్తి ఇంకా రాదు. మన డెల్టా పొలాల్లో చూశారుగా, నారుమడిలో యూరియా ఎక్కువైతే లేత నారు మాడిపోతుంది. ఇదీ అలాంటిదే. ఎక్కువ చక్కెర వల్ల లేత కణాలు దెబ్బతింటాయి. వెన్నుగొట్టం మూసుకోవడానికి కావలసిన పాక్స్-3 అనే జన్యువు సరిగా పనిచేయదని ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది.

అయితే భయపడకండి. మామూలుగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పెద్ద లోపాలతో పుడతారు. గర్భానికి ముందు నుంచీ షుగర్ అదుపులో లేని తల్లుల్లో ఆ ముప్పు రెండు నుంచి నాలుగు రెట్లు ఉంటుంది. గుండె లోపాలు, వెన్ను లోపాలు అందులో ముఖ్యమైనవి. షుగర్ ఉన్న తల్లుల్లో కూడా ఎక్కువమందికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డలే పుడతారు. ముందే అదుపులో పెట్టుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది. గర్భంతో వచ్చే షుగర్ వేరు. అది ఎక్కువగా ఆరో నెల ప్రాంతంలో బయటపడుతుంది. అప్పటికి అవయవాలు ఏర్పడిపోయి ఉంటాయి. కానీ బిడ్డ మరీ బరువెక్కి కాన్పు కష్టమవుతుంది.

ఇక చేయాల్సినవి. ఇంట్లో అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, మీరు బరువు ఎక్కువగా ఉంటే, పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోండి. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 126 గానీ అంతకు మించి గానీ రెండుసార్లు వస్తే షుగరే. అప్పుడు అది అదుపులోకి వచ్చేవరకు గర్భం వాయిదా వేసుకోండి. మందులు సొంతంగా ఆపొద్దు. గర్భిణికి ఇన్సులిన్ ఇస్తే అది బిడ్డకు చేరదు, భయం లేదు. ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలకు ఇంకో మాట: సికిల్ సెల్ ఉన్నవారికి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష తప్పుగా రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

గర్భం అని తెలిసిన మొదటిసారే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష అడగండి. 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది. సిద్ధార్థ వైద్య కళాశాల ఈ గుణదలలోనే ఉంది. కొండ మీద మేరీమాతకు మొక్కుకునేవారు మొక్కుకోండి, కానీ కిందికి దిగాక పరీక్షా చేయించుకోండి.

ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భానికి కనీసం నెల ముందు నుంచి వేసుకోవాలి. షుగర్ ఉన్నవారికి ఎంత మోతాదో డాక్టరు చెబుతారు. ఈ మందును ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. వారం వారం హాస్టల్‌లో ఇచ్చే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు అదీ ఉంటుంది. వాంతి వస్తుందని మీరు కిటికీలోంచి విసిరేసేది దాన్నే! తప్పు మీది మాత్రమే కాదు. రిజిస్టరులో టిక్ పెట్టుకున్నాం గానీ, ఎందుకో మేమెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాం.

తమ్ముళ్లూ, మీరు కూడా వినండి. భార్యను మొదటి నెలలోనే ఆసుపత్రికి తీసుకెళ్లేది మీరే. బిడ్డకు లోపం వస్తే ఇంట్లో వేలెత్తి చూపే నోళ్లను ఆపాల్సిందీ మీరే. పెదవి చీలితే గ్రహణం మొర్రి అని మన భాషలోనే పేరుంది. ఆ పేరు వల్ల ఎందరు తల్లులు తలదించుకున్నారో. గ్రహణానికీ దానికీ సంబంధం లేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు షుగర్ అదుపులో పెట్టుకుని, డాక్టరు చెప్పిన మాత్రలు వేసుకుంటూ మళ్లీ బిడ్డ కోసం సిద్ధమవుతోంది. "ఈసారి నెల తప్పకముందే వచ్చాను మేడమ్" అంది. మీరందరూ అలాగే ముందే రావాలని మా కోరిక.