ఇంటిలోని సర్వరునకు వీథి వాకిలి



మా తాతగారు సంపాదించిన తాళపత్రములు మా యింట నొక పెట్టెఁడు కలవు. పురుగు తినివేయకముందే ఛాయాచిత్రములు తీయించి, మా మనుమఁడు వానిని ఒక చిన్న కంప్యూటరునం దుంచినాఁడు. అడిగినవారికి అందించునది గావున దానికి సర్వరని పేరు. ఇంటిలోని ఫోనులకు ఆ పుటలు కనఁబడినవి. అమెరికాలోనున్న మా యమ్మాయికి మాత్రము కనఁబడలేదు.

కారణము వినుఁడు. అంతర్జాలమునఁ బాత పద్ధతి చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. లోకమునకుఁ బంచు మూలనిధి 2011లోనే యైపోయినది. అందుచే ఇంటి యంత్రములకు 192.168 అని మొదలగు లోపలి సంఖ్యలనిచ్చి, బయటికి అన్నిటికిఁ గలిపి యొకటే చిరునామా చూపుదురు. ఈ పని చేయునది రౌటరు. తపాలా బంట్రోతునకు ఇంటి నెంబరు తెలియును గాని, వంటింటి ప్రక్క గదిలో నెవరున్నారో తెలియదు కదా! లోపలివారు వ్రాసిన యుత్తరమునకు జవాబు వచ్చినచో రౌటరు గుర్తించి యందించును. అడుగకయే వచ్చినదానిని త్రోసివేయును.

"443వ పోర్టునకు వచ్చినవారిని ఈ యంత్రము కడకుఁ బంపుము" అని రౌటరులో వ్రాసినచో దారి యేర్పడును. పోర్టనఁగా నిజమైన తలుపు గాదు, ఒక సంఖ్య. మావాఁడు తొందరపడి 22వ పోర్టునుగూడఁ దెఱచినాఁడు. అది యంత్రమును దూరమునుండి నడుపు మార్గము. దానికి రహస్యపదమో, నా పేరే! గుర్తుండునట్లు పెట్టుమని చెప్పినవాఁడను నేనే. వానిననుట న్యాయము గాదు.

మఱునాఁడు చిట్టా చూడఁగా, వేలసారులు ఎవరెవరో తట్టినట్లున్నది. వారు మనుష్యులు గారు. చిరునామాలను వరుసగాఁ దట్టుచుఁ బోవు యంత్రములు. నాల్గవనాఁడు ఒకటి లోపలఁ జొచ్చి చిత్రములన్నియుఁ జెఱిపివేసినది. తక్కినవానికి వేఱు ప్రతి యుండెను గాని, 40 పుటలకు లేదు. ఆ యాకులు ఈలోఁగా మఱింత పొడిరాలినవి.

పిమ్మట మేము కనెక్షను మార్చితిమి. అందులో ఒకే చిరునామాను పలు గృహములకుఁ బంచుదురు. రౌటరులోఁ గనఁబడు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వఱకు నున్నచో అదియే గుర్తు. అట్టిచోట మన రౌటరులో నేమి వ్రాసినను ఫలము లేదు. వీథి మొగదల గేటు కంపెనీవారిది.

అందుచే బయట ఒక చిన్న యంత్రమును అద్దెకుఁ దీసికొని, మా సర్వరే లోపలినుండి దానివఱకు సొరంగము త్రవ్వునట్లు చేసితిమి. అమ్మాయి ఫోనుగూడ ఆ చోటికే వచ్చి కలియును. దీనికి వాడిన వైర్‌గార్డు 2020లో లినక్సు కెర్నెలునఁ జేరినది. తాళపుచెవి లేనివాఁడు తట్టినచో లోనుండి సవ్వడియే రాదు. ఇల్లున్నదో లేదో వానికిఁ దెలియదు.

ఇప్పుడు మాకుఁ దెల్లవారువేళ, అక్కడి రాత్రివేళ, మా యమ్మాయి ఆ పుటలు తెఱచి, నా కంటి కానని యక్షరములను పెద్దవి చేసి చదివి చెప్పుచున్నది. పోయిన 40 పుటలకు మఱల చిత్రములు తీయించుచున్నాము. 17 మాత్రము కుదిరినవి.